ముందు తిను, తర్వాత చెప్పు

పొద్దున యూనివర్సిటీలో నడక ముగించుకుని వస్తుంటే హాస్టల్ వంటింటి వైపు నుంచి ఉప్మా తాలింపు వాసన వచ్చింది. అల్లం, కరివేపాకు, దోరగా వేగిన బొంబాయి రవ్వ. నాతో నడిచే తార్నాక ఆడవాళ్ళు ఆకలి గుర్తొచ్చి అడుగుల వేగం పెంచారు. నేను మాత్రం పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాను. ఉప్మా వాసనకు కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అనుకున్నాను. కాదు, మా అక్క ఉంది.

అక్కా బావా ఈ క్యాంపస్‌లోనే చదువుకుని, ఇక్కడే ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. మాది గుంటూరు వైపు, బావ వాళ్ళది జనగామ పక్కన వ్యవసాయ కుటుంబం. బావ ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. కానీ ఆయన్ని పాఠాలకన్నా వేరే పనికే ఎక్కువమంది ఎరుగుదురు. ఎవరినైనా పోలీసులు పట్టుకుపోయి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే, ఆ మనిషి తల్లో భార్యో తార్నాకలో బావ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. ఆయన వివరాలు కనుక్కుని, లాయరుతో మాట్లాడి, కోర్టులో పిటిషన్ వేయించేవాడు. పగటిపూట తలుపు గడియ పెట్టడమనేది ఆ ఇంట్లో లేదు. మల్కాజ్‌గిరి నుంచో అంబర్‌పేట్ నుంచో ఏడుస్తూ వచ్చిన మనిషిని బావ ముందు పేరు కూడా అడిగేవాడు కాదు. "ముందు తిను, తర్వాత చెప్పు. ఖాళీ కడుపుతోని చెప్తే సగం మర్చిపోతవ్" అనేవాడు. నియమం ఆయనది, గరిటె తిప్పే చెయ్యి అక్కది. "ఇది ఇల్లా, కాచిగూడ స్టేషన్ క్యాంటీనా?" అని సణుగుతూనే అక్క ఇంకో గ్లాసు రవ్వ వేయించేది.

ఒకసారి నీళ్ళ ఫిల్టర్లు అమ్మే మనిషి వచ్చాడు. అక్క అలవాటుగా ప్లేటు చేతిలో పెట్టింది. అతను మొహమాటపడుతూనే మారు వడ్డించుకున్నాడు కూడా. తినడం అయ్యాక బావ ఎదురుగా కుర్చీ లాక్కుని, ఎంతో జాలిగా, "ఇగ చెప్పు, ఎవర్ని తీస్కపోయిన్రు?" అని అడిగాడు. అతను బిత్తరపోయి, "ఎవర్ని లేదు సార్, డెమో చూపెడ్దామని వచ్చిన" అన్నాడు. అది తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. తిండి పెట్టిన పాపానికి ఫిల్టరు కూడా కొన్నారు. అది ఇప్పటికీ కారుతూనే ఉంది.

ఇప్పుడు అది తలుచుకున్నా నవ్వు రాదు. పోయినేడు వానాకాలంలో ఒక ఉదయం ముగ్గురు మగవాళ్ళు అలాగే తలుపు తోసుకుని వచ్చారు. మామూలు బట్టలు, నిద్రలేని మొహాలు. "సార్ ఉన్నరా?" అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, కొత్తిమీర తుంచుతూ. ఎవరి అన్నదమ్ములో పాపం అనుకుంది అక్క. బావ స్నానం చేసి వచ్చేలోగా తినమని ప్లేట్లు పెట్టింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత తిన్నారు. వాళ్ళలో మీసాలు నెరిసినాయన, "అమ్మా, జెర తొక్కు ఉంటే వెయ్యుండ్రి" అని అడిగి మరీ ఉసిరికాయ పచ్చడి వేయించుకున్నాడు. బావ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు. "పెద్దసార్ మాట్లాడాలంటున్నరు సార్. జెర వచ్చి పోండ్రి" అన్నాడు మీసాలాయన. కాగితం ఏదని బావ అడిగాడు. ఆఫీసులో ఇస్తామన్నారు. ఆరోజు ఆ ఇంట్లో ఏమీ తినకుండా వెళ్ళింది బావ ఒక్కడే.

ఏ నేరమో ఇంతవరకూ చెప్పలేదు. అడిగితే, నేరం చేశాడని కాదట, చేయకుండా ముందు జాగ్రత్తగా జైల్లో పెట్టే ఉత్తర్వట. మోకాళ్ళు అరిగి మా ఇంటి మెట్లెక్కలేని మనిషి ఏం చేస్తాడని వాళ్ళ జాగ్రత్తో నాకు తెలియదు. ఆ ఉత్తర్వు గడువు దగ్గరపడేసరికి పొడిగింపు వస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. అక్కకు ఆ కోపం కూడా రాదు. "నేనే కదే వాళ్ళకు కడుపునిండా పెట్టి పంపింది" అంటుంది, అన్న ప్రతిసారీ మొదటిసారి అంటున్నట్టే.

మొన్న చలికాలంలో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇస్త్రీ చేసిన చొక్కా, డబ్బాలో ఉప్మా పట్టుకుని ఇద్దరం జైలు గేటు దగ్గరికి వెళ్ళాం. బావ గేటులోని చిన్న తలుపులోంచి వంగి బయటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అక్క డబ్బా మూత తీసేలోగా పక్కన ఆగి ఉన్న వ్యాను తలుపు తెరుచుకుంది. కొత్త ఉత్తర్వట. ఈసారి కాగితం ఉంది. తెచ్చింది ఆ మీసాలాయనే. అక్కను చూసి తల దించుకుని, "అమ్మా, మంచిగున్నరా?" అన్నాడు. "తిన్నావా బాబూ?" అనేసింది అక్క. ఇన్నేళ్ళ అలవాటు, నోరు ఆగలేదు. అతను బావను ఎక్కించి, తనూ వ్యాను ఎక్కాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క తన నోటి మీద తనే కొట్టుకుంటూ ఏడ్చింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు ఆ ఇంటికి ఎవరూ రారు. అందరికీ భయం. వాళ్ళను తప్పు పట్టలేను. అక్క పట్టపగలే గడియ పెట్టుకుంటోంది. రవ్వ డబ్బాలో పురుగు పట్టింది. పోయినవారం ములాఖత్‌లో, అద్దం అవతల ఫోను అందుకుని బావ అడిగిన మొదటి మాట, "ఇంటికి ఎవరన్న వస్తున్నరా?"

"రోజూ వస్తున్నారండీ" అంది అక్క, తడుముకోకుండా.

"తింటున్నరా?"

"తినే వెళ్తున్నారు."

ఆయన తృప్తిగా తలూపాడు. ఎప్పుడొస్తారని అక్కా అడగలేదు, ఎప్పుడొస్తానని ఆయనా చెప్పలేదు.

బెంచీ మీద నుంచి లేచేసరికి ఎండెక్కింది. తాలింపు వాసన పోయింది, హాస్టల్లో ప్లేట్ల చప్పుడు వినిపిస్తోంది. రోజులు గడిచేకొద్దీ బాధ తగ్గుతుందని పక్కింటివాళ్ళు అక్కను ఓదారుస్తుంటారు. గడిస్తే కదా! మా ఇంట్లో కాలమంటే గడిచిపోయేది కాదు, గడువు తీరబోతుండగా ఎవరో సంతకం పెట్టి పొడిగించేది.