ఎడమ స్తంభం దగ్గర, జానెడు లోతున

పెద్ద లీగుల ముఖం ఎన్నడూ చూడని హార్క్‌బీ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు నూట పన్నెండేళ్ల చరిత్ర ఉంది. ఛైర్మన్ క్లైవ్ పెండిల్ దాన్ని నున్నటి కాగితం మీద పుస్తకంగా అచ్చువేయించాడు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ మైదానంలో గడ్డి పెంచుతున్న హిల్డా స్ట్రింగర్ పేరు అందులో లేదు. పోతేపోనీ అనుకుంది. చివరి పేజీ చూశాకే ఆమెకు ఒళ్లు మండింది. వేసవిలో మైదానం తవ్వేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట. ఆ మట్టిని బైపాస్ రోడ్డు గుంతల్లోకి తోలేస్తారట.

ఆ మట్టిలో మనుషులున్నారు. హార్క్‌బీలో క్లబ్బంటే ప్రాణమిచ్చేవాడు పోతే, బూడిద మైదానానికే చేరుతుంది. పైపైన చల్లితే గడ్డి మాడిపోతుందని హిల్డా పచ్చికను చదరంగా కోసి ఎత్తి, జానెడు లోతు తవ్వి, బూడిదను మట్టిలో కలిపి, మళ్లీ పచ్చిక కప్పి కాలితో సర్దేది. అలా నలభై ముగ్గురు. ఎవరెక్కడున్నారో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె భర్త రెజ్ కార్నర్ జెండా దగ్గరున్నాడు. బతికున్నన్నాళ్లూ అక్కడే నిలబడి రిఫరీని తిట్టిపోసేవాడు.

మే నెలలో తవ్వే యంత్రం వచ్చిన ఉదయం, హిల్డా గడ్డికోత బండిని గేటుకు అడ్డంగా నిలిపి తాళంచెవి జేబులో వేసుకుంది.

"హిల్డా గారూ, అడ్డం తీయండి. ఇది క్లబ్బు భవిష్యత్తు," అన్నాడు క్లైవ్.

"నీ భవిష్యత్తు తగలెయ్య! నా మొగుణ్ణి రోడ్డు గుంతల్లో పోస్తానంటే పక్కకు జరగాలంట్రా?"

"బూడిదేగా! ఎప్పుడో మట్టిలో కలిసిపోయుంటుంది. సెంటిమెంటుతో క్లబ్బులు నడవవండీ."

హిల్డా అతని ముందుకొచ్చి నిలబడింది.

"మీ నాన్న ఎక్కడున్నాడ్రా, క్లైవ్?"

పంతొమ్మిదేళ్ల కిందట, తండ్రి బూడిదను మట్టిలో కలిపిన రోజు, ఆ మైదానంలోనే, వానలో నిలబడి, క్లైవ్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ చోటికి వెళ్లలేదు.

"గోల్ దగ్గర."

"ఏ గోలు? ఏ స్తంభం?"

క్లైవ్ అటు చూశాడు, ఇటు చూశాడు.

హిల్డా పార, బకెట్టు తెచ్చి అతని కాళ్ల ముందు విసిరింది. "చర్చి వైపు గోలు, ఎడమ స్తంభం, రెండడుగులు లోపలికి. చూపిస్తాను పద, తవ్వేది నువ్వే. తర్వాత అందరి ఇళ్లకూ నువ్వే ఫోన్ చేస్తావు. వాళ్లొచ్చి తమవాళ్లను తీసుకెళ్లేదాకా ఈ బండి కదలదు."

ఆమె చూపించిన చోట క్లైవ్ కోటుతోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. పచ్చిక లేచింది. కింద అంతా ఒకే నల్ల మట్టి.

"ఎంత తీయాలండీ?" అన్నాడు. "ఎక్కడిదాకా నాన్నో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు," అంది హిల్డా. "అందుకేరా మైదానం తవ్వొద్దంటున్నాను."