వెనక సీటు ఆమోసు

ఆమోసు రోజుకు నలభై బండ్ల వెనక సీట్లు నొక్కేవాడు. వాటిలో ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో ఆటోనగర్‌లో అతని మెకానిక్ షెడ్డుకు రిపేరుకు వచ్చినవి కావు. ఎవరివో కూడా అతనికి తెలియదు. సోడా కొట్టు ముందు, తాలూకా ఆఫీసు ముందు, చర్చి గోడ పక్కన, ఎక్కడ స్కూటరుగానీ మోటారు సైకిలుగానీ ఆగి కనిపించినా సరే, దాని వెనకకు చేరి, రెండు అరచేతులూ సీటు మీద ఆనించి, ఒంట్లో బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలేవాడు. తరవాత తల పక్కకు వాల్చి లెక్కపెట్టేవాడు.

"ఒకటి... రెండు... మూడు. పాపం."

ఆ 'పాపం' బండి గురించి కాదని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. నేను పత్రికా విలేఖరిని. బెజవాడలో ఏం జరిగినా అందరికన్నా ముందు తెలుసుకోవలసిన ఉద్యోగం నాది.

అసలు సంగతి అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు. "నొక్కి వదిలితే సీటు ఒక్కసారి లేచి ఆగాలండి. స్ప్రింగు ఎత్తుద్ది, లోపల గొట్టంలో ఉన్న ఆయిలు ఆపుద్ది. ఆగకుండా ఎగురుతుంటే అది బండి కాదండి, బంతి."

ఒకసారి పటమటలో ఎస్సైగారు మోటారు సైకిలు మీద కూర్చుని ఉండగానే వెనక నొక్కాడు. ఎస్సైగారి టోపీ కింద పడింది.

"ఎవడ్రా అది?"

"ఒక్కసారే లేచిందండి. మీ వెనక కూర్చునే కానిస్టేబులు అదృష్టవంతుడండి."

తిట్టాలో మెచ్చుకోవాలో తేలక ఎస్సైగారు టోపీ దులుపుకుని వెళ్ళిపోయారు. పెళ్ళి ఊరేగింపులో పూలు కట్టిన కారును నొక్కినప్పుడు మాత్రం ఇంత సులువుగా తేలలేదు. పెళ్ళికొడుకు బాసికం జారి ముక్కు మీదికి వచ్చింది. బ్యాండువాళ్ళు పాట ఆపి ఆమోసును పట్టుకున్నారు. "నాలుగుసార్లు ఎగిరింది. కొత్త దంపతులు, ఎట్టా ఎక్కించారండి ఇందులో?" అని అతనే వాళ్ళను నిలదీశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర విశ్వాసులందరితో కరచాలనం చేస్తుంటే, ఆమోసు బయట ఆయన స్కూటరుతో చేసేవాడు.

డెబ్భై మూడులో నేను చల్లపల్లిలో ఒక సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు కొన్నాను. నీలం రంగు. సైలెన్సరు ఊడిపోకుండా దానికి తీగ చుట్టి ఉండేది. ఆ తీగ కూడా బండితోపాటే ఇచ్చారని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

బండి కొన్నది మా ఆవిడ రామతులసి కోసం. నాలుగేళ్ళు ఎదురుచూడగా ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. బడి కంకిపాడు దాటి, కాలవ గట్టు మీద నాలుగు మైళ్ళు లోపలికి. మొదటి బస్సు అక్కడికి చేరేసరికి రెండో పీరియడు అయిపోతుంది. హెడ్మాస్టరు గంట కొట్టిన మరుక్షణం హాజరు పట్టీలో ఎర్రగీత గీసే మనిషి. కాబట్టి రోజూ పొద్దున నేనే దింపేవాణ్ణి.

ఆ గట్టు మీద గతుకు రాబోతోందంటే నేను కాలి రాడ్ల మీద లేచి నిలబడేవాణ్ణి. నాకేమీ తగిలేది కాదు. అది నా నైపుణ్యం అనుకునేవాణ్ణి. వెనక మనిషికి రాడ్ల మీద లేచి నిలబడే వీలుండదన్న ఆలోచన రెండు నెలలపాటు నాకు రాలేదు. అప్పటికి రామతులసి నడుం పట్టేసింది. డాక్టరు బండి మానెయ్యమన్నాడు. ఆమె రాజీనామా ఉత్తరం రాసి చేతిసంచిలో పెట్టుకుంది.

"నెలాఖరుదాకా చూస్తానండి. తగ్గకపోతే ఒకటో తారీకున ఇచ్చేస్తాను" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గోడవైపు చూస్తోంది.

మర్నాడు ఆమోసు షెడ్డుకు వెళ్ళాను. నేను దిగకముందే నొక్కాడు. ఆరుదాకా లెక్కపెట్టి ఆపేశాడు. "అమ్మగారిని తీసుకురండి."

"ఎందుకు?"

"తూచాలి."

"నా భార్యనా?"

"వెనక కూర్చునేది ఆవిడే కదండి."

ఆమోసు పద్ధతి అది. షెడ్డు గోడకు ఎనిమిది మేకులు. ఒకటో మేకుకు మెత్తటి స్ప్రింగులు, ఎనిమిదో మేకుకు బాగా బిరుసువి వేలాడేవి. మూతపడ్డ బియ్యం మిల్లు నుంచి కొన్న కాటా ఒకటి వెనక గదిలో ఉండేది. ఆడవాళ్ళను అతని భార్య మార్త లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసి తూచేది. బయటికి వచ్చి మేకు నంబరు ఒక్కటే చెప్పేది.

"బరువు మార్తకు తెలుసండి. నాకు మేకే తెలుసు. మీకు రెండూ అక్కర్లేదు" అన్నాడు ఆమోసు.

"దీనికింత తతంగం ఎందుకయ్యా? నేను చెప్తాను రాసుకో. నలభై ఎనిమిది కిలోలు."

అది మా పెళ్ళిచూపులనాటి లెక్క. ఆ తరవాత తొమ్మిదేళ్ళలో ఆ అంకెను సవరించే ధైర్యం నాకు రాలేదు. లోపలినుంచి మార్త దగ్గినట్టు వినిపించింది. ఆమోసు మూడో మేకు స్ప్రింగులు బిగించాడు.

మర్నాడు పొద్దున గట్టెక్కగానే మొదటి గతుకులో సీటు అడుక్కి కొట్టుకుని టక్కుమంది. రెండో గతుకులోనూ టక్కుమంది.

"ఏవండీ, ఆయనకు నా బరువు ఎంతని చెప్పారు?"

నేను రోడ్డు మీద దృష్టి పెట్టాను.

"మిమ్మల్నే."

"నలభై ఎనిమిది."

మూడో గతుకులోనూ టక్కుమంది. "మీ అభిమానానికి సంతోషమే. సాయంత్రం నేనే వెళ్తాను" అంది.

వెళ్ళింది. బండి నడిపింది నేనే. కాసేపటికి కాటా గది తలుపు తెరుచుకుంది. "ఆరో మేకు" అంది మార్త. మూడు మేకుల తేడా కిలోల్లో ఎంతో తెలుసుకోవాలని నేను చాలా తెలివిగా నాలుగు రకాలుగా అడిగాను. మంత్రుల చేత మాట్లాడించినవాణ్ణి. మార్త నాకు మజ్జిగ ఇచ్చి పంపేసింది.

ఈసారి రామతులసి నడుం కుదుటపడింది. కానీ ఎడమ తుంటి పట్టేయడం మొదలైంది. ఆమోసు సీటు నొక్కాడు. ఒక్కసారే లేచి ఆగింది. మళ్ళీ నొక్కాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు సరిగ్గా ఆగిన తరవాత కూడా అతని మొహం వాడిపోయి ఉండటం నేను అప్పుడే చూశాను. నెలాఖరుకు ఇంకా పది రోజులే ఉంది.

"ఆదివారం ఆరాధన అయ్యాక బండి నాకిచ్చి వెళ్ళండి. చీకటిపడే లోపల ఇచ్చేస్తాను" అన్నాడు.

సోమవారం గట్టు మీద వెనకనుంచి ఏ శబ్దమూ లేదు. అప్పటిదాకా గతుకుకొక మూలుగు వినడం నాకు అలవాటు. మైలు గడిచినా వినిపించకపోయేసరికి మనిషి పడిపోయిందేమోనని బండి ఆపి వెనక్కి తిరిగాను. రామతులసి ఒళ్ళో కాంపోజిషను పుస్తకం తెరిచి పెట్టుకుని తప్పులు దిద్దుతోంది.

"ఎందుకాపారు? గంట కొట్టేస్తారు, పదండి."

ఆమెను దింపి వస్తూ కంకిపాడులో తిరుపతిరావు టీకొట్టు దగ్గర ఆగాను. నా వార్తల్లో సగం అతని పాల గిన్నెలోంచే వచ్చేవి.

"నిన్న మీరుండాల్సిందండి" అన్నాడు. "ఇంతేసి మీసాలవాడొకడు, మోటారు సైకిలు వెనక ఆడమనిషిలాగా రెండు కాళ్ళూ ఒకపక్కకే వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సంచి. ఒక చెయ్యి ముందువాడి భుజం మీద. గట్టు మీద పోతాడు, వస్తాడు, మళ్ళీ పోతాడు. బట్టలుతుక్కునే ఆడాళ్ళు నవ్వలేక చచ్చారు. పుట్టింటికా అత్తారింటికా అని అడిగితే, 'ఇంకా తేలలేదమ్మా' అన్నాడంట."

"బండి ఎట్లాంటిది?"

"నీలం బండి. సైలెన్సరుకు తీగ చుట్టి ఉంది."

రాసుకున్నాను. నోటుబుక్కు బండి సీటు మీద పెట్టుకునే రాసుకున్నాను. సీటు కింద తీగ ఉంది. మర్నాడు 'కంకిపాడులో మీసాల పెళ్ళికూతురు' అనే శీర్షికతో నాలుగు గీతల పెట్టె కట్టి వేశారు. ఎడిటరుగారు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆయన మెచ్చుకున్నది మూడోసారి.

రామతులసి కాఫీ తాగుతూ చదివింది. రెండోసారి చదివింది. పేపరు మడిచి నా ముందు పెట్టింది.

"నీలం బండి, తీగ చుట్టిన సైలెన్సరు. ఈ బండి ఎవరిదో కనుక్కున్నారా?"

ఆ పూట ఆమెను దింపి, నేరుగా ఆటోనగర్ వెళ్ళాను. ఆమోసు కళ్ళజోడు పెట్టుకుని అదే పేపరు చదువుతున్నాడు. ఆ ఆదివారం ముందు కూర్చుని బండి నడిపిన అతని బావమరిది సంజీవరావు, లారీ డ్రైవరు, నన్ను చూసి లేచి బయటికి పోయాడు. అతను నాకన్నా ఒక అడుగు పొడుగు. అతను బయటికి పోవడం నాకు మంచిదే అయింది.

"ఆమోసు గారూ..."

"బాగా రాశారండి. కానీ మైళ్ళు తప్పు. రెండు మైళ్ళు అని వేశారు. నాలుగు. పోనూ రానూ మూడుసార్లు."

"మీరని తెలియదండి."

"తెలిస్తే ఏం రాసేవారు? ఇట్టా చూడండి." బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. "మగాడు అటో కాలు ఇటో కాలు వేస్తాడు. ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఎడమపక్కకే. బరువంతా ఎడమ స్ప్రింగు మీదే. నేను రెండు పక్కలా ఒకే మేకు వేసుకుంటా వచ్చాను. చేత్తో నొక్కితే ఇది తెలియదండి, కూర్చోవాలి. ఇప్పుడు ఎడమ ఏడో మేకు, కుడి ఐదు. పాతవాళ్ళందర్నీ వెనక్కి పిలిచి మార్చాలి. డెబ్భై మంది దాకా ఉంటారు."

"వెనక సంజీవరావును కూర్చోబెట్టొచ్చు కదా. ఈ నవ్వులు తప్పేవి."

"తగిలేది ఎక్కడో నాకు తెలియాలి కదండి." పేపరు మడిచి గూట్లో పెట్టాడు. "చిన్నప్పుడు పన్నెండేళ్ళు బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడాను, క్లీనరుగా. ముందు కూర్చున్నోడికి రోడ్డు కనపడుద్ది. వెనకోడికి తగులుద్ది. బండి రిపేరుకు తెచ్చేది మాత్రం ఎప్పుడూ ముందోడే."

నేను ముందోణ్ణి.

"కొత్త స్ప్రింగు వారానికి కాస్త కుంగుద్ది. వచ్చే ఆదివారం మళ్ళీ చూడాలి. నేనే వెళ్తాలెండి."

"మీరు నడపండి. వెనక నేను కూర్చుంటాను."

అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "అమ్మగారి బరువుకు తక్కువ పడేది సంచిలో పొయ్యి" అని లోపలికి కేకేశాడు. మార్త మూతి కుట్టిన ఇసక సంచి ఒకటి తెచ్చింది.

"ఎంత బరువమ్మా ఇది?"

"అడక్కండి" అంది మార్త.

ఆదివారం మధ్యాహ్నం రెండు కాళ్ళూ ఎడమపక్కకు వేసి, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆమోసు భుజం మీద చెయ్యి వేసి కంకిపాడు బజారు గుండా వెళ్ళాను. ప్రతి గతుక్కీ ఆమోసు వెనక్కి తిరగకుండానే "ఎక్కడ?" అని అడిగాడు. నేను చెప్పాను. తిరుపతిరావు టీ వంచుతూ వంచుతూ ఆగి, గ్లాసు పొంగేదాకా చూశాడు. షెడ్డుకు రాగానే మార్త సంచి లాక్కుని లోపలికి పోయింది.

ఒకటో తారీకున రామతులసి రాజీనామా ఉత్తరం వెనకవైపు ఏడో తరగతి పిల్లల డ్రిల్లు జట్ల పేర్లు రాసుకుంది. ఆ బడిలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. స్ప్రింగులు నాలుగుసార్లు మార్చాం. నాలుగుసార్లూ ఆ గట్టు మీద ఒకపక్కకు కూర్చున్నది నేనే.