కోత మిషను కోసం ఫోన్ చేస్తే

నాకు ఉద్యోగం దొరికిన రోజున నేను ఉద్యోగం వెతకడం లేదు. మా నాయన కోసం వరికోత మిషను వెతుకుతున్నాను.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. కాలువ కింద వరి మడి, మెట్ట మీద శనగ. తాతల కాలం నుంచి సేద్యమే. నేను నంద్యాలలో డిగ్రీ చదువుతుండగా చూపు తగ్గడం మొదలైంది. మొదట రేచీకటి అన్నారు. తర్వాత పగలు కూడా గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించేది. కంటి లోపలి పొర ఎండిపోతోందని, దానికి మందు లేదని కర్నూలు డాక్టరు చెప్పాడు. చివరి పరీక్షలు రాయకుండానే ఇంటికొచ్చేశాను. ఇంకొన్నేళ్లకు వెలుతురుందా లేదా అన్న తేడా తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంట్లో నన్ను బాగా చూసుకున్నారు. నాకు అదే ఊపిరాడనిచ్చేది కాదు. మంచినీళ్లు చేతికి తెచ్చిచ్చేవాళ్లు. వాకిట్లోకి లేచినా "యాడికి పాపా?" అని ముగ్గురు అడిగేవాళ్లు. ఒకసారి పట్టుబట్టి, ఆళ్లగడ్డలో ఒక బట్టల అంగట్లో ఫోన్లు చూసే పని ఉందంటే నాయనను అడిగి రమ్మన్నాను. ఆ అంగడాయన "కండ్లు కనపడని బిడ్డను పెట్టుకుంటే, రేపు యాడన్నా పడితే మా మీదికొస్తాది గదప్పా" అన్నాడట. నాయన ఇంటికొచ్చి చెప్పులు విసిరేసిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇంగ ఎవుర్నీ అడగను. మన ఇంట్లో ఆడబిడ్డ జీతానికి పోయేంత కరువేందీ?" అన్నాడు. ఆ మాటతో ఆ సంగతి మూతపడింది.

ఆ ఏడు వరి కోతకొచ్చింది. ఊళ్లోకొచ్చే మిషన్లన్నీ ముందే మాటిచ్చిన వాళ్లకు పోయాయి. విత్తనాల అంగట్లో ఎవరో నాయనకు ఒక నంబరు చెప్పారు. ఫోన్ చేస్తే కోత మిషన్లు, ట్రాక్టర్లు బాడుగకు పంపిస్తారట. ఫోన్ పట్టుకుని ఎదురుచూసే ఓపిక నాయనకు లేదు. "నువ్వే చెయ్ పాపా" అని నా మీదికి తోసి గొడ్ల దగ్గరికి పోయాడు.

నా ఫోన్ మాట్లాడే ఫోన్. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి చెబుతుంది. ఆ గొంతు వింటూనే నంబరు కొట్టాను. అవతల ఒక ఆడమనిషి ఎత్తి ఊరు, మడి ఎంత, నేల ఆరిందా అని చకచకా అడిగింది. నేను చెబుతూ మధ్యలో టైము చూద్దామని ఫోన్ మీద వేలు పెట్టాను. ఫోన్ గట్టిగా టైము చదివింది. అది అవతలామెకూ వినిపించింది.

"అమ్మా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నీ ఫోను మాట్లాడతాంది కదా. నీకు చూపు లేదా?"

"లేదు" అన్నాను.

"నాకూ లేదు" అంది ఆమె, తనకు కాఫీ అలవాటు లేదని చెప్పినంత మామూలుగా. "ఈడ ఫోన్లెత్తే వాళ్లలో సగం మందికి చూపు లేదు. ఇంకొందరికి కాళ్లు సరిగా లేవు. నువ్వు ఏం జేస్తాండావు?"

"ఇంట్లోనే ఉంటా."

"సదువుకున్న గొంతు, సేద్యం తెలిసిన గొంతు. ఇంట్లో కూర్చొని ఏం జేస్తావు? నంద్యాలకు రా. మనుషులు కావాల మాకు." ఆ వెంటనే, ఏమీ జరగనట్టే, "మీ మిషను ఎల్లుండి పొద్దున వస్తాది. డ్రైవరు ఫోన్ చేస్తాడు" అని పెట్టేసింది.

నేను ఆ ఫోన్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అమ్మ వచ్చి "ఏందే, నీలో నువ్వే నవ్వుతాండావు?" అనేదాకా నవ్వుతున్నానని కూడా నాకు తెలియదు.

ఇంట్లో పెద్ద రభసే అయింది. నాయన ఒకటే మాట. ఊరు ఏమంటుంది, కూతురికి కూడు పెట్టలేక జీతానికి పంపినాడు అనదా? ఎప్పుడూ నాయన మాటకు ఎదురాడని అమ్మ ఆ రోజు చేట కింద పెట్టి లేచింది. "ముప్పై ఏండ్లదాన్ని కూర్చోబెట్టి పసిబిడ్డను జేస్తాండాం. ఊరు ఏమన్నా అననీ. ఒకసారి తీసకపోయి సూపీ, నచ్చకుంటే ఎనక్కి తీసకరా" అంది. మరుసటి వారం నాయనా నేనూ బస్సెక్కాం.

నంద్యాలలో ఆ ఆఫీసు ఒక నూనె అంగడి మీద ఉంది. మెట్లెక్కుతుంటే వేరుశనగ నూనె వాసన, పైకి పోయేకొద్దీ మాటల హోరు. దాన్ని నడిపే మేడంది ఆ అంగడి వాళ్ల కుటుంబమే. వ్యాపారం ఇంట్లో పుట్టిన మనిషి, మాట నున్నగా ఉండదు. నాయన ఆమెను నిలదీసినట్టు అడిగాడు. "కండ్లు లేని పిల్ల జీతమిచ్చేంత పని చేస్తాదామ్మా? లేక పుణ్యానికి పెట్టుకుంటాండారా?"

"పుణ్యం కావాలంటే మహానందికి పోతానన్నా" అంది మేడం. "ఇది వ్యాపారం. మిషన్ల వాళ్లు మాకు కమీషన్ ఇస్తారు, దాంతోనే నడస్తాది. వేరేవాళ్లు వద్దన్నోళ్లను నేను తీసుకుంటా, ఎందుకంటే వాళ్లు పని ఇడిచిపెట్టి పోరు. తప్పు చేస్తే నేర్పిస్తా. మళ్లీ చేస్తే మళ్లీ నేర్పిస్తా. రైతుకు అబద్ధం చెప్పినారంటే మాత్రం ఆ పొద్దే పంపించేస్తా."

నాయన మెట్లు దిగేటప్పుడు "మాటకారి మనిషే" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

నాకు పని నేర్పింది ఆ రోజు ఫోనెత్తిన అక్కే. కంప్యూటర్ మీటల్లో రెండింటి మీద సన్నటి గీతలుంటాయి, వేళ్లు వాటి మీద ఆనిస్తే మిగతా అక్షరాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఒక చెవిలో రైతు మాట, ఇంకో చెవిలో కంప్యూటర్ మాట. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. మొదట్లో తల తిరిగిపోయేది.

నా మొదటి కాల్ గడివేముల వైపు ఒక పెద్దాయనది. ఊరు అడిగాను, పేరు అడిగాను, అన్నీ కొట్టాను. అప్పుడు ఎడమ చెవిలో కంప్యూటర్ "సేవ్ చేయడానికి ఎంటర్ నొక్కండి" అంది. నేను కంగారులో ఆ ముక్కే పెద్దాయనకు అప్పజెప్పాను.

"ఎంటర్ నొక్కండి."

"యాడ నొక్కాలమ్మా?" అన్నాడు ఆయన పాపం, ఏ మాత్రం ఎగతాళి లేకుండా. "నాది బటన్ల ఫోను."

పక్కనున్న అక్క పగలబడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు. "మీరు ఏమీ నొక్కద్దు పెద్దాయనా, నేనే నొక్కుతా" అన్నాను. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు సాయంత్రం నేను మెట్లు దిగలేదు, ఎగిరి దూకినట్టే ఉంది.

బస్సు ప్రయాణం ఇంకో పండుగ. నాయన పొద్దున్నే బండి మీద ఆళ్లగడ్డలో దింపేవాడు, అక్కడి నుంచి నేనే. తెల్లకర్ర చేతిలో పట్టుకున్న మొదటి రోజుల్లో అందరూ నన్నే చూస్తున్నారేమోనని సిగ్గుపడ్డాను. తర్వాత చూస్తే చూడనీ అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క శిల్పాల షెడ్లలో రాయి కోసే మిషను కీచుమని మోగేది, దాని వెనకే ఉలి చప్పుళ్లు. అవి వినగానే ఆళ్లగడ్డ వచ్చిందని లేచి నిలబడేదాన్ని. కండక్టరు చెప్పేలోపే నేను తలుపు దగ్గరుండేదాన్ని.

నాయన మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "నంద్యాలలో కంటికి వైద్యం చేపిస్తాండాం" అనేవాడు. నాకు తెలుసు. ఊరుకున్నాను.

మరుసటి ఏడు కోతల్లో తుఫాను కబురొచ్చింది. రెండు రోజుల్లో వాన అన్నారు. పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే ఫోన్లు మోగుతున్నాయి. చాగలమర్రి, పాణ్యం, గడివేముల, ఎక్కడ చూసినా కోసిన వరి, కోయాల్సిన వరి. అందరూ ఒకటే మాట, తొందరగా పంపండి. కొందరు తిట్టారు, ఒకాయన ఏడ్చాడు. మేము అన్నం కూడా ఫోన్ల మధ్యే మింగాం. భయంగా ఉంది, అయినా ఒళ్లంతా ఏదో వేడి. నేను చెప్పే ఒక్కో మాటతో ఎక్కడో ఒక మిషను రోడ్డెక్కుతోంది.

మధ్యాహ్నం ఒక కాల్ ఎత్తాను. "నమస్కారం, చెప్పండి."

"మిషను కావాల" అన్న గొంతు విని నా వేళ్లు ఆగిపోయాయి. నాయన. వరసలో ఎవరికి కలిస్తే వాళ్లకు పోతుంది కాల్. ఆయనా నన్ను గుర్తుపట్టాడు.

"పాపా, నువ్వేనా? మంచిదే అయింది. మన మడికి ముందు పంపు."

"నాయనా, నీ ముందు శానామంది ఉండారు."

"నేను మీ నాయనను గదా!"

"వాళ్లకూ బిడ్డలుండారు నాయనా."

ఆయన ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. నాకు ఒక ఆలోచన తట్టింది. చాగలమర్రిలో కోత ముగించిన, చక్రాలకు బదులు పట్టీల మీద నడిచే చైను మిషను ఒకటి సాయంత్రం లారీ మీద పాణ్యం బయల్దేరాలి. అది వచ్చేది మా ఊరి మీదుగానే. నాయనను లైన్లో ఉండమని చెప్పి పాణ్యంలో దాని కోసం ఎదురుచూస్తున్న రైతుకు ఫోన్ చేశాను.

"నా మడి ఇంకా దిగబడతాంది తల్లీ. రేపు సందేళకు వచ్చినా సాలు" అన్నాడు ఆయన.

మేడంను అడిగాను. "ఒక్క మడి కోసం మిషను లారీ దిగదు. ఆనుకొని ఉన్న మడులన్నీ కలిసొస్తే ఆపు. ఎవరిదైనా అదే పద్ధతి" అంది.

మళ్లీ నాయన లైన్లోకి వచ్చాను. "మన ఒక్కరికి రాదు నాయనా. కాలువ పక్కనోళ్లందరినీ కలిపితే వస్తాది. ఎవరెవరు వస్తారో సాయంత్రంలోపల చెప్పల్ల. నువ్వే పోయి అడుగు."

"నేను పోయి ఏమని అడగాల?"

"ఆఫీసోళ్లు అడగమన్నారని చెప్పు."

ఆయన "ఊఁ" అని పెట్టేశాడు. తర్వాత అమ్మ చెప్పింది ఏం జరిగిందో. నాయన చెప్పులేసుకుని కాలువ పక్క మడులున్న ప్రతి ఇంటికీ పోయాడట. మొదటి ఇంట్లోనే "ఏ ఆఫీసప్పా? నమ్మొచ్చునా? మిషను వస్తాదని ఎవురు చెప్పినారు నీకు?" అని అడిగారట. నాయన గడప మీద కాసేపు నిలబడి, "నా కూతురు చెప్పింది. నంద్యాలలో ఆ ఫోన్లు చూసే ఉద్యోగం చేస్తాది" అన్నాడట. ఆ తర్వాత ఇంటింటికీ అదే మాట. మూడో ఇంటికి వచ్చేసరికి గొంతు పెద్దదయిందట!

పొద్దుగూకకముందే ఆయన కాల్ వచ్చింది. అది అక్కకు కలిసింది. "అందరూ ఒప్పుకున్నారు. ఆ పాపకు చెప్పండి" అన్నాడట. నేను డ్రైవరుకు ఊరి దారి చెప్పాను. ఎక్కడ మలుపు, ఏ వంతెన మీద లారీ పట్టదు, మిషను ఎక్కడ దించాలి, అన్నీ. నేను చూపున్న రోజుల్లో తిరిగిన దారే అది.

మిషను తెల్లవారుజామున మడిలో దిగింది. ఆ రోజు నేను ఆఫీసులో ఉండి, ఫోన్ పక్కన పెట్టుకుని, ప్రతి గంటకూ అమ్మకు ఫోన్ చేశాను. "మనది అయిపోయింది. పక్కది కోస్తాండారు." "మబ్బు దిగింది." "వడ్లు ట్రాక్టరుకెత్తినారు." చివరి మడి కోస్తుండగా చినుకులు మొదలయ్యాయి. పట్టలు కప్పి వడ్లన్నీ ఊళ్లోకి చేర్చారు. చివరి మడి ఆసామివి కొన్ని బస్తాలు తడిశాయి, అంతే. మిషను లారీ ఎక్కి, వాన ఇంకా మొదలవని పాణ్యం దారి పట్టింది. ఆఫీసులో ఆ కబురు చెబితే అక్క బల్ల మీద దరువేసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను ఇంటికి పోతే పంచలో ఎవరో కూర్చుని ఉన్నారు. కాలువ పక్క మడి వాళ్ల కోడలు. మేత కోసే మిషనులో కుడి చెయ్యి మణికట్టు దాకా పోయిందని, అప్పటి నుంచి ఇల్లు దాటలేదని ఊరందరికీ తెలుసు. "అక్కా, ఒక చెయ్యితో ఆ పని చెయ్యొచ్చునా?" అంది. నేను జవాబు చెప్పేలోపే లోపలి నుంచి నాయన అందుకున్నాడు. "ఎందుకు చెయ్యలేవమ్మా? నేను ఆ మేడంతో మాట్లాడతా" అన్నాడు.

ఈ ఏడు ఆళ్లగడ్డలోనే రెండో ఆఫీసు పెట్టాం. బస్టాండు దగ్గర అద్దె గది. నడిపేది నేను. మొదటి రోజు టెంకాయ కొట్టాక, ఆ కోడలు నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎడమ చేత్తో టైపు చేయడం నేర్చుకుంది, ఇంకా నెమ్మదే. రోడ్డు మీద బస్సుల హారన్లు, ఎదురుగా హోటల్లో ఉగ్గాని తిరగమాత ఘాటు, లోపల కొత్త కుర్చీల ప్లాస్టిక్ వాసన. ఫోన్ మోగింది.

"నువ్వెత్తు" అన్నాను.

"భయమేస్తాందక్కా."

"వాళ్లకూ భయమే. అందుకే ఫోన్ చేస్తాండారు. ఎత్తు."

ఆమె ఎత్తింది. "నమస్కారం, చెప్పండి" అంది. తర్వాత ఊరు అడిగింది, నేల ఆరిందా అని అడిగింది. ఆ లోపల రెండో ఫోన్ మోగింది, దాని మీదే మూడోది. నేను టీ గ్లాసు పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాను.