మొదటి రేకు బిస్కెట్లు

దసరా సెలవులకు అమ్మమ్మ, తాతయ్య, ఇద్దరు మావయ్యల కుటుంబాలు మా ఊరొచ్చేవి. చీరాల నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉండేది మా ఊరు. నాన్న అక్కడ బడిపంతులు. ఇల్లంతా మనుషులతో నిండిపోయే ఆ నాలుగు రోజులకీ రెండు తీపి వంటలు తప్పనిసరి. ఒకటి జీడిపప్పు పాకం. వేటపాలెం పప్పు బద్దల్ని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, వేడి ఆరకముందే అమ్మ కత్తితో పొడుగు ముక్కలు కోసేది. రెండోది బిస్కెట్లు. వాటికి ఇంటి పొయ్యి పనికిరాదు. మైదా, పంచదార పొడి, డాల్డా, యాలకులు డబ్బాల్లో సర్దుకుని చీరాల బేకరీకి వెళ్లాలి. సరుకులు మనవి, కలిపి రేకు పళ్లేల్లో పేర్చి కాల్చడం వాళ్లది.

ఆ పని మా పిన్నిది. అమ్మకు చెల్లెలు. మా ఇంట్లోనే ఉండి చీరాలలో టైపు నేర్చుకునేది. బేకరీ సాయిబు గారు ఆమెను “చెల్లెమ్మా” అని పిలిచేవారు. మొదటి రేకు బయటికి రాగానే పిన్ని ఒక బిస్కెట్ విరిచి నోట్లో వేసుకుని, నాలుక కాలుతున్నా ఆగకుండా తీర్పు చెప్పేది. ఆమె సరేనన్నాకే రెండో రేకు పొయ్యిలోకి వెళ్లేది.

నాకు పదేళ్లప్పుడు, మిరపనారు పోసే రోజుల్లో, పిన్నికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైంది. ఆ ఏడు మా ఇంట్లో పండగ లేదు.

మరుసటి దసరాకు అమ్మా నేనూ డబ్బాలు పట్టుకుని బేకరీకి వెళ్లాం.

“చెల్లెమ్మ రాలేదేమ్మా? పోయినేడు కూడా కనపళ్లేదు,” అన్నారు సాయిబు గారు.

“పెళ్లయిందండీ. ఒంగోల్లో ఉంటోంది,” అంది అమ్మ. కూరలో ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా అంది.

“మాకో మాటైనా చెప్పకుండా చేసేశారా!” అని ఆయన సంబరపడిపోయారు. మొదటి రేకులోంచి ఒక బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టారు. “మీ పిన్ని బదులు నువ్వు చెప్పు పాపా.” నేను దాన్ని గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

బస్సులో అడిగాను. “అలా చెప్పావేంటమ్మా?”

అమ్మ కిటికీలోంచి పత్తిచేల వైపు చూసింది. తర్వాత, “అక్కడైనా ఉండనీవే,” అంది.

ఆ పై ఏడు పిన్నికి ఆడపిల్ల పుట్టిందని అమ్మ సాయిబు గారితో చెప్పింది. ఆయన ఆ బిడ్డకోసం చిన్న చిన్న రస్కులు పొట్లం కట్టి ఇచ్చారు. అమ్మ దాన్ని తెచ్చి అటక మీద పెట్టింది. చీమలు పట్టినా ఎవరమూ ముట్టుకోలేదు. అప్పటినుంచి ఒంగోల్లో పిన్ని ఇల్లు నాకూ కనపడటం మొదలైంది. గుమ్మం, గుమ్మంలో పిన్ని, చంకలో బిడ్డ. ఆ బిడ్డ ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా కనపడేది కాదు.

మూడో ఏడు చుట్టాలు ముందే దిగడంతో అమ్మకు కుదరక నన్నొక్కదాన్నే పంపింది. డబ్బాలు దించానో లేదో సాయిబు గారు అడిగారు.

“ఈసారైనా మీ పిన్ని పండక్కొస్తోందా?”

“వస్తోందండీ. ఒంగోలు బస్సులో నేరుగా ఇక్కడికే వస్తానంది.”

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన ముఖం వెలిగిపోయింది. పిండి కలిపి కాల్చాక మొదటి రేకు తీసి బల్ల మీద పెట్టి, “అయితే చెల్లెమ్మ రుచి చూశాకే రెండోది,” అన్నారు.

నేను వీధి వైపు బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా ఒక బస్సొచ్చి ఆగింది. ఆయన తొంగి చూశారు. ఇంకోటొచ్చింది. వెనక బల్ల మీద పిండి మెత్తబడి జారిపోతోంది. జనం దిగుతున్నప్పుడల్లా నాకు భయమేసేది. పిన్ని రాదేమోనని కాదు, నిజంగా దిగుతుందేమోనని. మూడో బస్సులోంచి ఒకామె చంటిపిల్లనెత్తుకుని వెనక్కి తిరిగి దిగుతుంటే నేను కళ్లు గట్టిగా మూసుకుని ఏడ్చేశాను.

“పిన్ని లేదండీ. చచ్చిపోయింది. మూడేళ్లయింది.”

సాయిబు గారు మైదా బస్తా మీద కూలబడ్డారు. మెల్లిగా అడిగారు. “మరి బిడ్డ?”

“బిడ్డ కూడా లేదండీ.”

ఆయన పైపంచెతో ముఖం తుడుచుకుని లేచి, మిగతా రేకులు ఒకదాని తర్వాత ఒకటి పొయ్యిలోకి తోశారు. అన్నీ అంచులు మాడాయి. ఆయన చూసుకోలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ పాకం కోస్తోంది. జరిగింది చెప్పాను. కత్తి ఆగిపోయింది.

“నిన్నెవరు చెప్పమన్నారే?”

ఈలోగా పాకం గట్టిపడింది. కత్తి దిగక వంకరటింకర పెళ్లలుగా విరిగింది. బిస్కెట్లు మాడాయని పెద్దమావయ్య అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో మళ్లీ బిస్కెట్లు చేయించలేదు.

పిన్ని పోయినప్పుడు అమ్మ ఏడవలేదు. అమ్మమ్మను పట్టుకోవడానికే ఆమెకు సరిపోయింది. ఆ దసరా అయ్యాక, చుట్టాలందరూ బస్సెక్కిన మధ్యాహ్నం, వసారాలో చాప మీద కూర్చుని చెల్లెల్ని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలక గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.