తాగే నీళ్ళతో తలస్నానం

మేడం పోయారని ఫోను వచ్చినప్పుడు నా రెండు చేతులకూ క్రీము ఉంది. ఎదురుగా కుర్చీలో ఒక పెళ్ళికూతురు. ఉంగరాల జుట్టును నున్నగా సాగదీసే ఆ క్రీము తలకు పట్టించాక మధ్యలో వదిలేసి పోవడానికి ఉండదు. సమయం దాటితే వెంట్రుక పాడవుతుంది, ఇంకాస్త దాటితే మాడు కాలుతుంది. మోచేత్తో ఫోను నొక్కాను. మేడం మేనగోడలు. "అక్కా, అత్త పోయింది. కాఫీ ఇద్దామని లేపితే లేయలేదు" అంది. వస్తానన్నాను. గడియారం చూస్తే క్రీము కడగడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆ పిల్ల తల దగ్గరే నిలబడ్డాను. కడిగి, ఆరబెట్టి, పని పూర్తిచేసి పంపాకే షట్టరు దించి చంద్రగిరి బస్సెక్కాను. ఏడుపు బస్సులో వచ్చింది.

చంద్రగిరి పక్క హైస్కూల్లో ఆవిడ మాకు సైన్సు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు, మేనగోడలే తోడు. నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఆడవాళ్ళ పార్లరు నడుపుతాను. పదో తరగతి మొదటిసారి తప్పాను, అదీ ఆవిడ సబ్జెక్టులోనే. ఆ సంగతి నా కస్టమర్ల ముందు కూడా దాచేవారు కాదు. "ఈ పాప నా కాడ ఫెయిలయిన పాప. చెయ్యి మాత్రం బంగారం" అని కుర్చీలో కూర్చునే చెప్పేవారు. మొదటి మాటకు తలదించుకోవాలో రెండో మాటకు పొంగిపోవాలో నాకు తెలిసేది కాదు.

బళ్ళో ఆవిడకొక పద్ధతి ఉండేది. జవాబు రానివాళ్ళు తోచిందల్లా రాసి పేజీలు నింపితే సున్నా. నిజాయితీగా "తెలియదు" అని రాస్తే అర మార్కు. తక్కిన టీచర్లు నవ్వేవాళ్ళు. "తెలియనిదాన్ని తెలియదు అనేది కూడా జవాబే. కథ అల్లితే అది జవాబు కాదు" అనేవారు మేడం. ఇదేదో బాగుందని మాలో కొందరం ఒక పరీక్షలో పేపరు మొత్తం తెలియదు, తెలియదు అని రాసిచ్చాం. ఆ రోజు మాత్రం అందరికీ సున్నాలే వచ్చాయి, బెంచీ ఎక్కి నిలబడడం అదనం.

నేను పార్లరు తెరిచిన కొత్తలో ఒకరోజు వచ్చారు. అప్పటికి ఆవిడకు యాభై దాటింది.

"నా జుట్టు నున్నగా చేస్తావా అమ్మణ్ణీ?"

"ఇప్పుడెందుకు మేడం మీకు ఇవన్నీ?"

"ఏం, యాభై దాటితే అద్దం చూసుకోకూడదా? చిన్నప్పుడు దీన్ని దువ్వలేక మా యమ్మ ఏడ్చేది. బళ్ళో కాకిగూడు అనేవాళ్ళు. ఒక్కసారన్నా దువ్వెన పైనుంచి కిందికి జారేది చూడాలని ఉండాది."

ఆ సాయంత్రం దువ్వెన జారింది. ఆవిడ నమ్మలేక మళ్ళీ దువ్వుకున్నారు, ఇంకోసారి దువ్వుకున్నారు. పిల్లల ముందు నవ్వని మనిషి అద్దంలో నాకు పళ్ళు కనిపించేలా నవ్వారు. అప్పటినుంచి ఆరేళ్ళు, ఆరు నెలలకోసారి కుదుళ్ళలో కొత్త ఉంగరాలు కనబడగానే వచ్చేవారు. కిటికీ పక్క కుర్చీ ఆవిడది. తలకు క్రీముతోనే ఒళ్ళో పేపర్లు పెట్టుకుని దిద్దేవారు. ఒకసారి ఒక చుక్క క్రీము ఎవరో పిల్లవాడి జవాబు మీద పడింది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "ఇది నా తప్పు" అని రాసి సంతకం పెట్టారు. క్రీము డబ్బా మీది అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఇదేం చేస్తుంది, అదేం చేస్తుంది అని అడిగేవారు. తెలియదు మేడం అంటే "సరే, అర మార్కు" అనేవారు.

రెండేళ్ళ కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఎప్పటిలాగే వచ్చి క్రీము పెట్టించుకున్నారు. ఆసారి నేను కొత్త కంపెనీది వాడాను, ఏజెంటు తెగ పొగిడితే. మూడు వారాలు దాటాక మళ్ళీ వచ్చి, "చెయ్యి నొప్పిగా ఉండాది, నువ్వే తలకు నీళ్ళు పొయ్యి" అన్నారు. కుడిచేతి మీద కొంగు కప్పుకున్నారు. నేను అడగలేదు. తల వెనక్కి వాల్చి నీళ్ళు పోసి వేళ్ళు పెట్టానో లేదో, పిడికెడు జుట్టు నా చేతికి వచ్చింది.

కొత్త క్రీముతో మేడం జుట్టు నాశనం చేశాననుకున్నాను. ఆ జుట్టును గబగబా తువ్వాలులో చుట్టేశాను. కానీ సింకులో కూడా తేలుతోంది, అది ఆవిడకు కనబడుతూనే ఉంది. అప్పుడు నా నోట్లోంచి ఒక అబద్ధం వచ్చింది.

"బోరు నీళ్ళు మేడం. ఎండాకాలం గదా, ఉప్పు దిగింది. అందరికీ ఇట్లే రాలతాండాది."

ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. "అవును అమ్మణ్ణీ, నీళ్ళే అయ్యుంటాయి" అన్నారు.

వారం రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ వస్తారని తెలిసి ఇరవై లీటర్ల తాగే నీళ్ళ క్యాను తెప్పించి, గోరువెచ్చగా కాచి పెట్టాను. అబద్ధం ఆడాను కాబట్టి దాన్ని నిలబెట్టుకోవాలి కదా. ఆవిడ వచ్చారు. క్యాను నీళ్ళు పోశాను. జుట్టు ఇంకా ఎక్కువ వచ్చింది. పోయడం ఆపేశాను. కళ్ళు తెరిచి క్యాను వైపు చూశారు.

"ఇవి తాగే నీళ్ళు గదా?"

నేను క్యానును కాలితో పక్కకు నెట్టాను.

"నాకోసం తాగే నీళ్ళు పోస్తాండావా?" అని లేచి కూర్చున్నారు. తడి తలతోనే కొంగు తీసి చెయ్యి చూపించారు. సూది దిగిన చోట కమిలిపోయి ఉంది. "నీళ్ళు కాదు. నీ క్రీమూ కాదు. రొమ్ములో గడ్డ. పెద్దాసుపత్రిలో మందు ఎక్కిస్తాండారు. ఆ మందుకు జుట్టు రాలతాదని ముందే చెప్పినారు. బళ్ళో తెలిస్తే పిల్లోళ్ళు జాలిగా చూస్తారని ఎవరికీ చెప్పలా. నీ అబద్ధం నాకు అక్కరకొచ్చింది, అందుకే అవునన్నా. నువ్వింత నలిగిపోతావనుకోలేదు. తప్పు నాది."

తర్వాత పాఠం కూడా చెప్పారు. సింకులోంచి ఒక వెంట్రుక తీసి నా ముందు పెట్టి, "చూడు, మధ్యలో తెగలా. కుదురు కాడనుంచే వచ్చేసింది. నీ క్రీము చేసుంటే మధ్యలో తెగతాది. చేతిలో పెట్టుకొని కూడా చూడలేదు నువ్వు" అన్నారు. అంత జబ్బులోనూ నన్ను మరోసారి ఫెయిలు చేశారు.

నాకు జుట్టు దిగులు పోయి అంతకంటే పెద్దది పట్టుకుంది. ఇలాంటి క్రీముల మీద ఫోనులో ఏవేవో చదివి ఉన్నాను. ఆరేళ్ళు ఈ చేతులతోనే పట్టించాను. అడిగేశాను.

"మేడం, మీకు ఈ జబ్బు నా క్రీము వల్ల వచ్చిందా?"

ఆవిడ కొంగుతో తడి మెడ తుడుచుకున్నారు.

"తెలియదు అమ్మణ్ణీ. నేనూ డాక్టరును అడిగినా. నా విషయంలో ఎందువల్లో చెప్పలేం అన్నాడు."

"లేదని చెప్పొచ్చు గదా మేడం."

"చెప్పొచ్చు. నీకు బాగుంటాది. రేపు ఇంకొకరి నెత్తికి పూసేటప్పుడు ఆ లేదును నమ్ముకొని పూస్తావు."

ఆ రోజు ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. చచ్చేంత కోపం వచ్చింది. ఒక్క మాట అంటే ఏం పోయేది? నాలుగు రోజులు ఫోను చెయ్యలేదు. అయిదో రోజు నా పెళ్ళి పట్టు జాకెట్టు కుట్లు విప్పదీసి దిండు గలీబు కుట్టుకుని చంద్రగిరి పోయాను. నూలు గుడ్డకు రాసుకుంటే అసలే బలహీనంగా ఉన్న జుట్టు ఇంకా చిక్కుపడుతుంది, పట్టు మీదయితే జారిపోతుంది. ఆవిడ గలీబు తడిమి చూసి, "జరీ గుచ్చుకోదా?" అన్నారు. జరీ లోపలికి మడిచి కుట్టాను మేడం అన్నాను. "అయితే పాస్" అన్నారు.

నేను నా పని సరిగ్గా నేర్చుకున్నది ఆ నెలలోనే. క్రీము తిన్న వెంట్రుకకు అసలే సత్తువ తక్కువ, దానికి తోడు ఈ మందు. భుజాల దాకా కత్తిరించి బరువు తగ్గించాను. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కింద చిక్కు తీసి తర్వాతే పైకి పోయేదాన్ని. డ్రయ్యరు దాచేశాను. రబ్బరు బ్యాండు, బిగుతు జడ వద్దన్నాను. క్రీము, రంగు మాట ఎత్తొద్దన్నాను. డాక్టరును అడగకుండా తలకు నూనె కూడా పెట్టలేదు. "ఉన్నన్ని రోజులు ఉండనీ" అనేవారు మేడం. రెండోసారి మందు ఎక్కాక ఇక జుట్టు నిలవలేదు. అరషట్టరు దించి గుండు చేశాను. ఆవిడ అద్దం చూడలేదు, నేనూ చూడలేదు.

అక్కడొక పొరపాటు చేశాను. తిరుపతి పక్కనే పుట్టి పెరిగినదాన్ని, గుండు చేసిన తలకు గంధం పూయకుండా పంపడం నాకు తెలియదు. చల్లగా ఉంటుందని చక్కగా రాశాను. ఆవిడేమో ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. బస్సులో పక్కన కూర్చున్న పెద్దామె, "దర్శనం బాగా అయ్యిందా అమ్మా? ఎంతసేపు పట్టింది?" అని అడిగిందట. పూలమ్మే ఆమె ప్రసాదం లేదా అని చెయ్యి చాచిందట. ఆదివారం చర్చిలో గుసగుసలు. పాపం జబ్బు చేసి కొండకు మొక్కుకొనిందని ఒకరు, ఎవరి మాటో విని పోయిందని ఇంకొకరు.

మేడం నాకు ఇది చెబుతూ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "మొదటి ఆదివారం అడిగేదానికి భయపడిరి. రెండో ఆదివారం నాకోసం ప్రార్థన చేసిరి. మూడో ఆదివారం పాస్టరమ్మ వచ్చి ఏందిది మేడం అనింది. గంధం నా శిష్యురాలిది, గుండు ఆసుపత్రిది, మీ ప్రార్థన మాత్రం ఆపొద్దు, పనికొస్తాండాది అని చెప్పినా."

దాచుకోవడం అక్కడితో ఆగిపోయింది. బడికి కూడా గుండుతోనే పోయారు. పిల్లలు జాలిగా చూస్తే, ఊడింది జుట్టే, సిలబస్ అట్లే ఉండాది అన్నారట.

మందులు అయిపోయాక జుట్టు వచ్చింది, ఉంగరాలు ఉంగరాలుగా. నున్నగా చేద్దామా అని నేనూ అనలేదు, ఆవిడా అడగలేదు. నా పార్లరు మాత్రం మారింది. ఇప్పుడు క్రీము డబ్బా కస్టమరు చేతికిచ్చి చదవమంటాను. కిటికీలు తీసి, గ్లౌజులు వేసుకుంటాను. ఇది మంచిదేనా అక్కా అని అడిగితే, నాకు తెలిసింది ఇంత, తెలియంది ఇంత అని చెబుతాను. కొందరు లేచి పక్క పార్లరుకు పోతారు. పోనీ అనుకుంటాను.

ఈ ఏడు జబ్బు మళ్ళీ వచ్చింది. ఎముకల్లోకి దిగింది. ఆఖరి నెలలో నిద్ర లేదు. ఏ పక్కకు ఒత్తిగిలినా నొప్పే. పోవడానికి పది రోజుల ముందు మేనగోడలు ఫోను చేసింది. "అత్త తలకు పోసుకోవాలంటాండాది అక్కా. నేను పోస్తానంటే వద్దంట, నువ్వే రావాలంట."

మధ్యాహ్నం పోయాను. మంచం అంచుకు తల వచ్చేలా మెల్లగా జరిపి, కింద బేసిను పెట్టి, ఎడమ అరచేతిలో ఆవిడ తల పట్టుకుని కుడిచేత్తో గోరువెచ్చని నీళ్ళు పోశాను. మనసులో ఆ పాత ప్రశ్నే. ఇక అడిగే సమయం ఉండదని తెలుసు. ఈసారన్నా లేదంటారేమో, ఆ ఒక్క మాట నా దగ్గర మిగులుతుందేమో అని ఆశ. నోరు తెరిచాను.

"మేడం..."

పలకలేదు. వంగి చూశాను. నిద్రపోతున్నారు. మెలకువగా ఉన్నంతసేపూ మెడ బిగబట్టుకుని నాకు బరువు తగలకుండా చూసుకున్నట్టున్నారు. ఇప్పుడు తల మొత్తం నా అరచేతిలోకి వచ్చేసింది. మేనగోడలు గుమ్మంలో నిలబడి, "నాలుగు రోజులైంది అక్కా నిద్రపోయి" అని గుసగుసగా చెప్పింది. చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టి, రెండో చెయ్యి కూడా తల కిందికి చేర్చాను. బేసినులో నీళ్ళు చల్లారిపోయాయి. చేతులు మొద్దుబారి, భుజాల దాకా తిమ్మిరెక్కింది. ఆవిడ నిద్రపోతూనే ఉన్నారు, నేను కదల్లేదు.