పడుకుని చూడనిదే కొనడు

మా మరిది టోర్కిల్ ఏ వస్తువునైనా దానితో కాసేపు నేలమీద పడుకుని చూడనిదే కొనడు. బూట్లకైనా అంతే, గొర్రెలదొడ్డి గేటుకైనా అంతే. ఓసారి గేటును గడ్డిలో పడుకోబెట్టి, పక్కన వెల్లకిలా పడుకుని, మబ్బులు చూస్తూ చాలాసేపు ఆలోచించి, "ఇది రాత్రిళ్ళు మూలిగే రకం వదినా, వద్దు" అన్నాడు. ఇంకా పెళ్ళెందుకు కాలేదని మాత్రం అడక్కండి.

ఆరున్నర అడుగుల మనిషి. ఆయన పడుకుంటే కొట్లో దారి మూసుకుపోతుంది. రాన్‌ఫర్లీ ఊరివాళ్ళకు ఆయన్ని దాటుకుంటూ సరుకులు కొనుక్కోవడం బాగా అలవాటు.

ఆ వేసవి చివర్లో ఒకరోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి, "దూరపు గురి పోటీకి పేరిచ్చేశాను" అన్నాడు. వరసగా పడుకుని కాల్చి ఇంటికి పోయే పోటీ కాదది. రోజంతా కొండల్లో తిరగాలి. గడ్డిలో ఎక్కడో నిలబెట్టిన ఇనుప పలకల్ని వెతికి పట్టుకోవాలి, దూరం కొలవాలి, గాలి చూసుకోవాలి, దేనికి వీలైతే దానికి తుపాకీ ఆనించి కాల్చాలి. కావలసిన సామానంతా వీపుమీదే.

"జంటగా వెళ్ళాలట. రెండో పేరు నీది రాశాను."

"నాదా! మతిగాని పోయిందా నీకు?"

మా నాలుగు చక్రాల మోటారు బైకు వాలులో నామీద బోర్లాపడింది మొదలు నా ఎడమ మోకాలు వంగదు. ఒకప్పుడు ఆ కొండలన్నీ తుపాకీ భుజాన వేసుకుని తిరిగినదాన్నే. ఇప్పుడు నేలమీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. అది నాకు చచ్చేంత సిగ్గు. తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేసేశాను.

"నువ్వు కాల్చొద్దులే. పక్కన నిలబడి గాలి చెప్పు, చాలు."

సరేనని సామాను కొనడానికి వెంట వెళ్ళాను. టోర్కిల్ వస్తున్నాడని చూసి కొట్టు బెవన్ గబగబా నేల ఊడ్చాడు. మావాడు ఆ చీపురే అందుకుని, తుపాకీ ముందు బిగించే రెండు కాళ్ళ స్టాండును దానికి తగిలించి, బోర్లా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బెవన్, నేనిప్పుడు కొండ అంచున ఉన్నాను. గడ్డి బంగారంలా ఊగుతోంది. కింద వాగు వెండితీగలా ఉంది. గాలి ఎడమవైపునుంచి..."

"నువ్వు గాలపు కర్రల ముందున్నావు. ఆవిడకు దారివ్వు."

ఒకావిడ ఆయన కాళ్ళమీదుగా దాటి వెళ్ళింది. టోర్కిల్ లేచాడు. లేవడమంటే మామూలుగానా! ఎడమకాలు కర్రలా చాచేసి, కౌంటరు పట్టుకుని పాకుతూ, ఒంటికాలి కొంగలా లేచి, టోపీల అరమీద పడ్డాడు.

"ఏమిటయ్యా ఆ లేవడం?" అన్నాడు బెవన్.

"కలలోంచి లేచేవాళ్ళు ఇలాగే లేస్తారు."

"సరే, స్టాండెలా ఉంది?"

"స్వర్గంలా ఉంది."

"కట్టమంటావా?"

"వద్దు. పడుకుంటే బాగున్నదేదీ నాకొద్దు."

బెవన్ నావైపు తిరిగి, "ఐస్లా, ఇంట్లో ఈయనతో ఎలా వేగుతున్నారమ్మా?" అన్నాడు.

"చుట్టూ తిరిగి నడుస్తాం."

సాయంత్రందాకా పడుకుంటూ లేస్తూ, మంచివన్నీ తిరగ్గొట్టి, చివరికి ఒక మూడు కాళ్ళ ఎత్తు స్టాండు, గింజలు నింపి కుట్టిన చిన్న దిండు, మడతపెట్టే పీట తీసుకున్నాడు. వీపు సంచి అయితే ఆయన భుజాలమధ్య బడిపిల్ల సంచిలా ఉంది.

పోటీ పొద్దున లోయంతా పొగమంచు. కొండలు నేలను వదిలేసి తేలుతున్నట్టున్నాయి. మొదటి చోట టోర్కిల్ కాల్చాడు. రెండు తగిలాయి, మిగతావి కొండకు తగిలాయి. రెండోచోట పీట వేశాడు, స్టాండు విప్పి తుపాకీ బిగించాడు, పక్కకు తప్పుకున్నాడు.

"కూర్చో వదినా."

"నేనా?"

"గడియారం తిరుగుతోంది. నాలుగే నిమిషాలు."

న్యాయనిర్ణేత మమ్మల్నే చూస్తోంది. పోట్లాడే వ్యవధి లేక కూర్చున్నాను. నా ఎడమకాలు స్టాండు కాళ్ళమధ్య తనచోటు తనే చూసుకుని చాపుకుంది. దిండు మోచేతికింద అమరింది. కన్ను నేరుగా తుపాకీమీది దుర్భిణికి వెళ్ళింది. టోర్కిల్‌కైతే ఆ ఎత్తు నడుందాకా కూడా రాదు.

"టోర్కిల్... ఇవన్నీ నా కొలతలు."

"పలకలు వెతుకు."

"కొట్లో నువ్వు అలా కాలు చాపి లేచింది..."

"నీ కాలితో ఎక్కడ ఇబ్బందో తెలియాలిగా. నిన్నడిగితే రానంటావు. వెతుకు వదినా!"

దుర్భిణిని గడ్డిమీదుగా మెల్లగా జరిపాను. కొండ ఒడిలో తెల్లటి చుక్కలా పలక కనిపించింది. మొదటి గుండు పక్కనుంచి పోయింది.

"గాలి చెప్పు!" అన్నాను. గాలి చెప్పాల్సినవాడు ఇప్పుడు ఆయనే మరి.

"మెత్తగా ఉంది. కొత్త ఊలులా."

"ఎటునుంచి? ఎంత?"

"కుడినుంచి. ఎంతంటే... కొంచెం దిగులుగా ఉంది వదినా."

న్యాయనిర్ణేత మొహం పక్కకు తిప్పుకుంది. నేను నవ్వాపుకుని, ఊపిరి బిగబట్టి, దిగులుకు సరిపడా కుడికి జరిపి కాల్చాను.

అంతా నిశ్శబ్దం. తర్వాత పలక మోగిన చప్పుడు లోయమీదుగా తీరిగ్గా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది.