నాంచారమ్మ డాబా మీద సోలార్

నా ఆఖరి పోస్టింగు బందరులో. రిటైరయ్యే ముందు కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా, అంటే ఏడీఈగా చేశాను. ఇళ్ళ మీద సోలార్‌కి అనుమతులు, నెట్ మీటర్ల తనిఖీ నా కిందకే వచ్చేవి. ఇల్లు వాడుకున్న కరెంటునీ, లైనుకి తిరిగి ఇచ్చిన కరెంటునీ రెండింటినీ లెక్కగట్టేది నెట్ మీటరు.

ఒక ఏడాది వానలు మొదలైన కొత్తలో, సముద్రం వైపు పాలెం నుంచి నాగరాజు అనే మత్స్యకారుడు ఫిర్యాదు చేశాడు. ముచ్చటపడి కట్టుకున్న కొత్త ఇల్లు. గాలి ఎదురెదురుగా ఆడేలా కిటికీలు, వేడి దిగకుండా డాబా మీద తెల్ల టైల్స్, ఆపైన సోలార్. ఎండాకాలంలో బ్రహ్మాండంగా పనిచేసిందట, వేట మొదలయ్యాక ఉత్పత్తి పడిపోయిందట. మబ్బులండీ అన్నాడు నా కింద పనిచేసే అసిస్టెంట్ ఇంజనీరు, మా ఏఈ. పక్కింటి సోలార్ బాగానే ఉంటే మబ్బు ఈ ఇంటిమీదే కమ్మిందా అని కసిరాను.

వెళ్ళి ఇన్వర్టరు చూశాం, వైర్లు చూశాం. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నాగరాజుతో కలిసి డాబా ఎక్కాం. ప్యానెళ్ళ మీద వలలు పరిచి, నిండా నెత్తళ్ళు ఎండబెట్టి ఉన్నాయి! తెల్లారకముందే వేటకెళ్ళే నాగరాజు కూడా నోరు తెరిచాడు. నేనైతే నవ్వాపుకోలేక పిట్టగోడ మీద కూలబడ్డాను.

అతని భార్య నాంచారమ్మ మాత్రం నవ్వలేదు.

"నవ్వుతారేంటి మేడం గారూ? డాబా అంతా పలకలే పరిచేశారు. నా చేప ఎక్కడ ఎండాలండీ? ఇసకలో ఎండబెడితే ఎవరూ కొనరు. ఇయ్యి తీసేయించండి."

ఎండుచేపల వ్యాపారం ఆమెదే. సముద్రం మొండికేసిన రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దానిమీదే. నా నవ్వు ఆగిపోయింది. సోలార్ కంపెనీవాళ్ళు డాబా కొలిచింది వేట నిషేధంలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవల్ని ఒడ్డునే ఉంచే రోజుల్లో. చేప లేదు కనుక వాళ్ళకి డాబా ఖాళీగా కనిపించింది.

మెట్లగది ఉత్తరాన ఉంది. మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ భాగం నీడ ఉత్తరానికే పడుతుంది. ప్యానెళ్ళని ఎత్తు స్టాండ్ల మీద మెట్లగది పైకి, దాని పక్కకి జరిపితే దక్షిణం వైపంతా ఎండలో మిగులుతుంది. తుఫాను గాలికి లేవకుండా స్టాండ్ల కాళ్ళని పిల్లర్లకే బిగించమని కంపెనీవాళ్ళకి చెప్పాను. నాంచారమ్మ డాబా అంతా ఒకసారి తిరిగి, కాలితో గీత గీసినట్టు చూపించి, "ఇక్కడిదాకా నాది. ఇటు మీ పలక ఒక్కటి కూడా రాకూడదు," అంది. ఒప్పుకున్నాం.

మళ్ళీ తనిఖీకి వెళ్ళేసరికి అటు మీటరు, ఇటు నెత్తళ్ళు, రెండూ దివ్యంగా ఉన్నాయి. అన్నం తినకుండా మమ్మల్ని కదలనివ్వలేదు ఆవిడ. ఆవిడ వడ్డించిన నెత్తళ్ళ వేపుడు తిని మా ఏఈ ఇంకో ఫిర్యాదు వస్తే బాగుండునన్నాడు.

అప్పట్నుంచి ఏ ఇంటికి తనిఖీకి వెళ్ళినా, టేపు తీయకముందే ఇంటావిడని పైకి పిలిచి, ఏ నెలలో ఇక్కడ ఏం ఎండబెడతారమ్మా అని అడిగేదాన్ని. వడియాలన్నారు, మిరపకాయలన్నారు, చేపలన్నారు. డాబా ఖాళీ అని మాత్రం ఒక్కరూ అనలేదు.